ఈస్టర్ ఆదివారంతో మొదలవదు: చిన్నపిల్లలున్న ఇళ్ల కోసం కొన్ని అపోహలు, వాస్తవాలు

చెన్నై పెరంబూరులో ఒక తెలుగు క్రైస్తవ సంఘంలో సండే స్కూల్ టీచర్‌ని. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు పిల్లలు నా వంతు. ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాలు, అంటే శ్రమల కాలం మొదలైందంటే తల్లిదండ్రులు వరుసగా అవే సందేహాలతో వస్తారు. సగం ఫోనులో తిరిగే సందేశాలు, సగం ఇంట్లో పెద్దవాళ్ల హెచ్చరికలు. విడివిడిగా చెప్పే బదులు ఈసారి రాసి పెడుతున్నాను.

అపోహ: పసివాళ్లకు సిలువ సంగతి చెప్పకూడదు, జడుసుకుంటారు. ఆదివారం సంతోషం చెబితే చాలు.

యేసు సిలువ మీద చనిపోయిన శుక్రవారం చెప్పకుండా, తిరిగి లేచిన ఆదివారం చెప్పడం కుదరదు. ఎవరూ చనిపోని కథలో ఒకరు లేచారంటే పిల్లలకు అందులో వింతేమీ కనబడదు. చెప్పాలి, కానీ కొలతగా చెప్పాలి. కొరడాలు, మేకులు, రక్తం నాలుగేళ్ల పిల్లకు అక్కర్లేదు. ‘కొందరు యేసయ్యను పట్టుకెళ్లి సిలువ వేశారు. ఆయన చనిపోయాడు. స్నేహితులు చాలా ఏడ్చారు. గుహలాంటి సమాధిలో పెట్టి పెద్ద రాయి అడ్డంగా దొర్లించారు.’ ఇంత చాలు. గుడ్ ఫ్రైడే నాడు టీవీలో సిలువ సినిమా పెట్టి, పక్కన పిల్లలను కూర్చోబెట్టి, మనం వంటింట్లోకి వెళ్లిపోవడం మాత్రం దయచేసి వద్దు. భయం పుట్టేది అక్కడే.

అసలు చిక్కు వేరే చోట ఉంది. చనిపోయినవారు తిరిగి రారన్న సంగతి పిల్లల మనసులో సాధారణంగా ఐదు నుంచి ఏడేళ్ల మధ్య స్థిరపడుతుంది. అంతకు ముందు వాళ్లకు చనిపోవడం ఊరెళ్లడం లాంటిదే, ఏదో ఒక రోజు వచ్చేస్తారు. మా తరగతిలో ఒక పాప, వాళ్ల తాతయ్య పోయిన ఏడాది, కథ అయ్యాక నా కొంగు పట్టుకుని అడిగింది: ‘టీచర్, మా తాతయ్య కూడా మూడో రోజు లేచారా? అమ్మ నాకు చెప్పలేదు.’ ఇలాంటప్పుడు పెద్దవాళ్లు మాట మార్చేస్తారు. మార్చనక్కర్లేదు. ‘లేదమ్మా, తాతయ్య లేవలేదు. ఆయన శరీరం ఇక పని చేయదు. యేసయ్య మళ్లీ వచ్చినప్పుడు లేపుతాడని మనం నమ్ముతాం. ఎప్పుడో మనకు తెలియదు’ అన్నాను. పాప తలూపి, రంగు పెన్సిళ్ల దగ్గరకు వెళ్లిపోయింది. ‘ప్రభువునందు నిద్రించారు’ అని పెద్దల మధ్య అనుకుంటాం, బాగానే ఉంటుంది. చిన్నపిల్లల ముందు మాత్రం నిద్ర ప్రస్తావన వద్దు. ఆ రాత్రి నుంచి పడుకోవడానికే భయపడే పిల్లలుంటారు. ఈస్టర్ తెల్లవారుజామున కొవ్వొత్తులు, పూలు పట్టుకుని సమాధుల తోటకు వెళ్లే అలవాటు ఉన్న ఇళ్లు పిల్లలనూ తీసుకెళ్లండి. ఎక్కడికి, ఎందుకు వెళుతున్నామో ముందే చెప్పండి, అంతే.

అపోహ: యేసు సమాధిలో ఉన్న మూడు రోజులంటే డెబ్బై రెండు గంటలు.

లెక్కలు కొత్తగా నేర్చుకున్న ఆరేళ్లవాడు వేళ్లు ముడిచి మరీ నిలదీస్తాడు: ‘శుక్రవారం రాత్రి, శనివారం రాత్రి. రెండు రాత్రులే!’ వాడి లెక్క తప్పు కాదు. యూదులకు రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది, రోజులో కొంత భాగమైనా ఒక రోజు కిందే లెక్క. శుక్రవారం పొద్దు గుంకక ముందు ఒకటి, శనివారం రెండు, ఆదివారం మూడు. గోడ మీది క్యాలెండర్ దగ్గర నిలబెట్టి చూపిస్తే ఇట్టే పట్టుకుంటారు.

అపోహ: ఈస్టర్ తేదీ ఏటా ఎవరో తోచినట్టు మారుస్తారు.

చంద్రుణ్ణి చూసి పండుగ చేసుకునే మనకు ఇది అర్థం కాకపోవడమే విడ్డూరం. మార్చి 21న గానీ, ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి దాటాక వచ్చే ఆదివారమే ఈస్టర్. పౌర్ణమిని చర్చి పట్టికల ప్రకారం లెక్కిస్తారు. అందుకే మార్చి 22, ఏప్రిల్ 25 మధ్య ఎప్పుడైనా రావచ్చు. 2024లో మార్చి 31న, 2025లో ఏప్రిల్ 20న వచ్చింది, 2026లో ఏప్రిల్ 5. చాలా ఏళ్లలో మైలాపూరు కపాలీశ్వరాలయంలో పంగుని ఉత్సవం జరిగేదీ ఇదే పున్నమికి. పిల్లలను రోజూ రాత్రి మేడ మీదికి తీసుకెళ్లి చంద్రుణ్ణి చూపించండి. నిండు చంద్రుడు కనిపించాక ఎన్ని రోజుల్లో ఆదివారమో వాళ్లే లెక్కపెట్టుకుంటారు.

అపోహ: రంగు గుడ్లు అన్యుల ఆచారం, ముట్టుకుంటే పాపం.

దీని మీద మా సంఘంలోనే రెండు పక్షాలు. బైబిల్లో ఈస్టర్ గుడ్డు లేదు, ఆ మాట నిజం. పాత రోజుల్లో క్రైస్తవులు శ్రమల కాలమంతా మాంసంతో పాటు గుడ్లూ మానేసేవారు. కోళ్లకు ఉపవాసం లేదు కదా, అవి పెడుతూనే ఉండేవి. పండుగ నాటికి ఇంటి నిండా గుడ్లే. 1290లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు ఈస్టర్ కానుకల కోసం 450 గుడ్లకు బంగారు రేకు, రంగులు వేయించిన ఖర్చు లెక్కల్లో ఉంది. తూర్పు (ఆర్థడాక్స్) సంఘాల్లో క్రీస్తు రక్తానికి గుర్తుగా ఎర్ర రంగు అద్దుతారు. ఈస్టర్ గుడ్లు తెస్తుందని పిల్లలకు చెప్పే కుందేలు సంగతి వేరు. అది 1682 నాటి ఒక జర్మన్ వైద్యుడి రచనలో కనబడుతుంది, అక్కడి వలసదారులతో అమెరికా చేరింది. మన ఇంటికి దాన్ని పిలవాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేనైతే పిలవను.

గుడ్లకు రంగు బజారులో కొనక్కర్లేదు. రెండు మూడు గుప్పెళ్ల ఎర్ర ఉల్లిపాయ తొక్కలు, ఒక చెంచా వెనిగర్ వేసిన నీళ్లలో తెల్ల గుడ్లు ఉడికించి, ఆ నీళ్లలోనే ఫ్రిజ్‌లో కొన్ని గంటలు ఉంచితే ఇటుక ఎరుపు వస్తుంది. ఆరాక నూనె చుక్క రాస్తే నిగనిగలాడతాయి. ఒక్క జాగ్రత్త. 32 డిగ్రీలు దాటే ఎండలో ఉడికిన గుడ్డు బయట గంటకు మించి ఉంటే తినకూడదు. ఉదయం దాచి మధ్యాహ్నం వెతికించే ఆటలు చెన్నై ఏప్రిల్‌కు సరిపడవు. ఆటకు కాగితం గుడ్లు చాలు.

అపోహ: కానుకలు, చాక్లెట్లు, అలంకరణ లేనిదే పిల్లలకు పండుగ అనిపించదు.

పూలకుండీ కింద పెట్టే వెడల్పాటి పళ్లెం తీసుకోండి. మట్టి పోసి, ఒక పక్క చిన్న మట్టి ముంత పడుకోబెట్టి, చుట్టూ గుట్టలా మట్టి కప్పితే సమాధి తయారు. ఈస్టర్‌కు ముందు ఆదివారం, అంటే మట్టల ఆదివారం నాడు దాని మీద ఆవాలో మెంతులో చల్లి, రోజూ నీళ్లు చిలకరించాలి. మొలకలొచ్చాయా అని మా పిల్లలు రెండో రోజే వేలితో తవ్వి చూస్తారు, అందుకని గింజలు కాస్త ఎక్కువే చల్లండి. శుక్రవారం ముంతలో తెల్లగుడ్డ ముక్క పెట్టి మూతికి రాయి అడ్డం పెట్టించండి. శనివారం ఏమీ చేయకండి. ఎదురుచూడనివ్వండి, విసుక్కున్నా సరే. ఆదివారం తెల్లవారి వాళ్లు లేచేసరికి రాయి పక్కకు దొర్లి ఉండాలి, గుడ్డ చుట్టిపెట్టి ఉండాలి, పళ్లెం పచ్చగా ఉండాలి. యోహాను సువార్తలో తల రుమాలు వేరుగా చుట్టిపెట్టి ఉందన్న చిన్న వివరాన్ని పిల్లలు ఎందుకో బాగా గుర్తుపెట్టుకుంటారు. ‘పక్క దుప్పటి మడత పెట్టి మరీ వెళ్లాడా?’ అని ఒకడు ఆశ్చర్యపోయాడు.

అపోహ: ‘ఇది నిజంగా జరిగిందా?’ అని పిల్లలు అడిగితే గద్దించాలి.

అలా అడిగిన మొదటివాడు యేసు శిష్యుడు తోమా. గాయాల్లో వేలు పెట్టి చూస్తే గానీ నమ్మనన్నాడు. అతన్ని ఎవరూ బయటకు నెట్టలేదు, ఎనిమిది రోజుల తర్వాత ప్రభువే వచ్చి చూడమన్నాడు. ఆ తోమా ఈ ఊరికి వచ్చి, పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) మీద చంపబడి, శాంథోమ్‌లో సమాధి అయ్యాడన్నది ఇక్కడి సంప్రదాయం. ఈస్టర్ సెలవుల్లో ఒక సాయంత్రం శాంథోమ్ చర్చికి తీసుకెళ్లి ఆ కథ అక్కడే చెప్పండి. చెన్నైలో ఉంటూ ఈ అవకాశం వదులుకోవడం ఎందుకు?

అపోహ: ఈస్టర్ భోజనమంటే బిరియానీయే.

బిరియానీకి నేను వ్యతిరేకిని కాను. కానీ లేచిన ప్రభువు తిబెరియ సముద్రం ఒడ్డున శిష్యుల కోసం నిప్పుల మీద చేపలు కాల్చి, రొట్టె పెట్టి, ఉదయపు భోజనానికి పిలిచిన కథ పిల్లలకు మహా ఇష్టం. వలలో 153 చేపలు పడ్డాయంటే అన్నీ లెక్కపెట్టేదాకా వదలరు. ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక దోసెతో పాటు ఒక వేపిన చేప ముక్క పెట్టి ఈ కథ చెప్పవచ్చు. ఈస్టర్ ఏప్రిల్ 15 తర్వాత వచ్చిన ఏడు మాత్రం తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం అప్పటికే మొదలై ఉంటుంది, కాశిమేడు చేపల రేవులో ధరలు మండిపోతాయి. వంజరం చేపకు ముళ్ల బెడద తక్కువ కాబట్టి, పిల్లలకు మాత్రమే ఒక ముక్క కొని, పెద్దవాళ్లు గుడ్డు కూరతో సరిపెట్టుకోవచ్చు. ఉల్లి తొక్కల్లో ఉడికించినవి ఎలాగూ ఫ్రిజ్‌లో ఉంటాయి.