గుట్కా: నిషేధానికి చిక్కని తీపి

చుట్ట మొదటిసారి పీల్చినవాడు దగ్గి దగ్గి కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. ఉత్త పొగాకు నమిలితే తల తిరుగుతుంది, వాంతి వస్తుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. గుట్కా ఆ ఘాటునే దాచేసింది.

వక్క, సున్నం, కాచు మనకు కొత్తవి కావు. తమలపాకు తీసేసి, వక్కకు యాలకులు, సుగంధాలు కలిపిన పాన్ మసాలా 1970ల్లో డబ్బాల్లో వచ్చింది. దానికి పొగాకు చేర్చితే గుట్కా. చిన్న ప్యాకెట్ కాబట్టి జేబులో పట్టేస్తుంది. సిగరెట్‌లా ఇంట్లో పొగ వాసన పట్టిస్తుందన్న టెన్షన్ లేదు. కాలేజీ కుర్రాడికి ఇంకేం కావాలి?

సున్నం వల్ల నోట్లో క్షారగుణం పెరిగి, నికోటిన్ బుగ్గ లోపలి పొర గుండా త్వరగా రక్తంలోకి చేరుతుంది. మెంథాల్ ఉంటే ఆ మంట చల్లగా అనిపిస్తుంది. వక్కలోని అరెకోలిన్ అనే రసాయనం కూడా అలవాటు చేసేదే. పైగా పాతికేళ్ల దాకా మెదడు ఎదుగుతూనే ఉంటుంది. ఆ వయసులో నికోటిన్‌తో పాటు ఆ రుచి, వాసన కూడా మనసులో నాటుకుంటాయి. తర్వాత వాసన తగిలితే చాలు, నోరు అడుగుతుంది.

2003 నాటి పొగాకు చట్టం 18 ఏళ్లలోపు వారికి, విద్యాసంస్థలకు 100 గజాల లోపల అమ్మకూడదంది, ప్రకటనలకు అడ్డు కట్టింది. రుచుల ఊసే ఎత్తలేదు. నా దృష్టిలో అసలు లోటు అదే. మహారాష్ట్ర 2002లో పెట్టిన గుట్కా నిషేధాన్ని సుప్రీంకోర్టు 2004లో కొట్టేసింది. తినే వస్తువుల్లో పొగాకు, నికోటిన్ కలపకూడదన్న ఆహార భద్రత నిబంధన 2011లో వచ్చాకే రాష్ట్రాలకు పట్టు దొరికింది. 2012 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్, 2013 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గుట్కాను నిషేధించాయి. ఈ ఉత్తర్వులకు ఆయుష్షు ఏడాదే, ఏటా మళ్లీ ఇవ్వాలి. తెలంగాణ 2024 మేలో ఇచ్చిందీ అలాంటిదే.

వ్యాపారం ఈలోపు దారి వెతుక్కుంది. పాన్ మసాలా ఒక ప్యాకెట్, పొగాకు మరో ప్యాకెట్. కొన్నవాడే అరచేతిలో కలుపుకుంటాడు. 2016-17 జాతీయ సర్వేలో 15 ఏళ్లు దాటినవారిలో పొగ తాగేవారు 10.7 శాతమైతే, నమిలే రకాల వంటి పొగరాని పొగాకు వాడేవారు 21.4 శాతం. ఇక టీవీలో సినిమా తారలు చూపించేది ఉత్త యాలకుల ప్యాకెట్టే. దాని మీద పేరు మాత్రం పాన్ మసాలాది.