మొక్క వంగలేదని ఎప్పుడు తేల్చాలి?

పదహారు దాటి పద్దెనిమిది నిండని పిల్లవాడిపై ఘోర నేరారోపణ వస్తే, పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు మూడు నెలల్లో ప్రాథమిక మదింపు చేయాలి. ఆ నేరానికి తగిన మానసిక, శారీరక సామర్థ్యం అతనికి ఉందా, పర్యవసానాలు తెలుసా, ఏ పరిస్థితుల్లో చేశాడు అన్నవి చూడాలి. తేలినదాన్ని బట్టి పెద్దవాళ్లతో సమానంగా విచారణ జరగవచ్చు. 2012 డిసెంబరు ఢిల్లీ నిర్భయ ఘటన నిందితుల్లో ఒకడు మైనరని తెలిసి దేశం రగిలిపోయింది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలోని ఈ నిబంధన వెనక ఆ ఆగ్రహం ఉంది. ఆగ్రహం న్యాయమైనదే. పిల్లల మనసును తూచే పని మాత్రం అంతకంటే చాలా పాతది, చాలా కష్టమైనది.

లండన్‌లో జాన్ బౌల్బీ అనే మనోవైద్యుడు తన క్లినిక్‌కు వచ్చిన 44 మంది దొంగ పిల్లలను, దొంగతనం అలవాటు లేని మరో 44 మందితో పోల్చి 1944లో ఒక వ్యాసం ప్రచురించాడు. దొంగ పిల్లల్లో 14 మందికి ఎవరి మీదా మమకారమే లేదని ఆయనకు అనిపించింది. వాళ్లలో 12 మంది పసితనంలో చాలాకాలం తల్లికి దూరమైనవారు. పరీక్షించిందీ, వర్గీకరించిందీ ఆయనే కాబట్టి ఆ లెక్కలను తర్వాతివారు గట్టిగానే ప్రశ్నించారు. అయినా ‘వీడు దుష్టుడు’ అనడం మాని ‘వీడికి ఏం జరిగింది’ అని అడగడం అలవాటు చేసినవారిలో బౌల్బీ ముఖ్యుడు.

ఆ ప్రశ్నకు కాలం కొలత తోడైంది అమెరికాలో. సెయింట్ లూయిస్ బాలల క్లినిక్‌లో ఒకప్పుడు చూపించుకున్న 524 మందిని ముప్పై ఏళ్ల తర్వాత లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వెతికి పట్టుకున్నారు. 1966లో ఆమె చెప్పిన విషయం రెండు వైపులా పదునైనది. సంఘవ్యతిరేకులుగా తేలిన పెద్దవాళ్లు దాదాపు అందరూ చిన్నప్పుడూ అలాగే ఉన్నారు. అలాంటి పిల్లల్లో ఎక్కువమంది మాత్రం అలాంటి పెద్దవాళ్లు కాలేదు. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అనేవాళ్లకు ఆ రెండో సగం వినిపించదు.

1993లో మనస్తత్వవేత్త టెర్రీ మాఫిట్ ఇంకాస్త విడదీశారు. పసితనం నుంచే మొదలై జీవితాంతం సాగే దూకుడు కొద్దిమందిది. కౌమారంలో పుట్టి, వయసుతో చల్లారేది చాలామందిది. పదహారేళ్లప్పుడు చూస్తే ఇద్దరూ ఒకలాగే కనిపిస్తారు. బోర్డు ముందుకు పిల్లవాడు వచ్చేది సరిగ్గా ఆ వయసులోనే.

కెనడాలో మనస్తత్వవేత్త రిచర్డ్ ట్రెంబ్లే చూపింది తల్లులకు తెలిసిన సంగతే. కొట్టడం, కొరకడం, గిల్లడం రెండు మూడేళ్ల వయసులోనే ఎక్కువ. తర్వాత చాలామంది పిల్లలు మానుకోవడం నేర్చుకుంటారు. అందుకే నేను అడగదలచిన ప్రశ్న, ఆ నేర్చుకోవడం ఏ ఇంట్లో, ఏ దెబ్బల మధ్య ఆగిపోయిందని.

బోర్డులో మనస్తత్వశాస్త్రం చదివినవారు లేనప్పుడు నిపుణుల సాయం తప్పనిసరని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. పెంపకం సంగతులు చేరే కాగితం మరొకటి ఉంది. పిల్లవాడిని హాజరుపరిచిన పదిహేను రోజుల్లో ప్రొబేషన్ అధికారో, సంక్షేమ అధికారో ఇవ్వవలసిన సామాజిక దర్యాప్తు నివేదిక అది. ఎవరి చేతుల్లో పెరిగాడు, బడి ఎప్పుడు మానేశాడు, ఇంట్లో ఎవరు కొట్టేవారు అన్నవి అక్కడ రాయాలి.