మంచు ఎక్కడ ఆగాలి?

ఎండాకాలంలో కర్నూలు కొండారెడ్డి బురుజు వైపు కుల్ఫీ బండాయన ఐసు ముక్కల్లో గుప్పెడు ఉప్పు వేసి కలుపుతాడు. ఉప్పు పడితే ఐసు సున్నా డిగ్రీల కంటే కిందికి దిగుతుంది. 1850 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో జేమ్స్ ఆర్నాట్ అనే డాక్టరు ఇదే మిశ్రమాన్ని పైకి కనిపించే క్యాన్సర్ గడ్డల మీద పెట్టి చూశాడు. నొప్పి తగ్గింది, గడ్డలూ కొంత తగ్గాయి.

మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథిని ఇలా చలితో గడ్డకట్టించి క్యాన్సర్‌ను చంపే చికిత్స 1960ల్లో మొదలైంది. ద్రవ నైట్రోజన్ ఉండగా చలికేం కొదవ? కానీ అది లోపల ఎంత దూరం పాకిందో డాక్టరుకు కనిపించేది కాదు. ప్రొస్టేట్ మధ్యలోంచి మూత్రనాళం పోతుంది. వెనకే మలాశయం, రెండు పక్కలా అంగస్తంభనకు కావాల్సిన నరాలు. వేలితో తడిమి అంచనా వేస్తే ఏమవుతుంది? కొందరికి మూత్రనాళానికీ మలాశయానికీ మధ్య రంధ్రం పడింది. దాంతో ఈ పద్ధతి మూలనపడింది. మళ్లీ లేచింది 1990ల్లో, అల్ట్రాసౌండ్ తెర మీద మంచు కనిపించడం మొదలయ్యాకే.

ఇప్పుడు వృషణాలకూ మలద్వారానికీ మధ్యనున్న చర్మం గుండా సన్నటి సూదులు దింపుతారు. బాగా ఒత్తిడితో వచ్చిన ఆర్గాన్ గ్యాస్ సూది మొనలో ఒక్కసారిగా వ్యాకోచించి, మొనను మైనస్ వంద కంటే కిందికి దించుతుంది. హీలియంను అలాగే వదిలితే వేడెక్కుతుంది! అందుకే చాలా యంత్రాల్లో గడ్డకట్టించేది ఆర్గాన్, కరిగించేది హీలియం. ఇలా రెండుసార్లు చేస్తారు. గడ్డకట్టేటప్పుడు కణాల్లోని నీరు బయటికి లాగేసుకుపోతుంది, లోపలా మంచు స్ఫటికాలు పుడతాయి. కరిగేటప్పుడు నీరు తిరిగి దూరి కణాలు పగులుతాయి. ఆ చుట్టుపక్కల రక్తనాళాలు మూసుకుపోతే మిగిలినవీ చస్తాయి.

అల్ట్రాసౌండ్ తెర మీద మంచు అంచు తెల్లటి గీతలా, దాని వెనకంతా నల్లటి నీడలా కనిపిస్తుంది. ఎమ్మారైలో అయితే మంచు మొత్తం నల్లటి ఉండ. చిక్కంతా ఇక్కడే. ఆ అంచు దగ్గర ఉష్ణోగ్రత సున్నా మాత్రమే. క్యాన్సర్ కణం కచ్చితంగా చావాలంటే మైనస్ 40 దాకా పోవాలి. కాబట్టి మంచు క్యాన్సర్ గడ్డ అంచును దాటి కొన్ని మిల్లీమీటర్లు ముందుకు పోవాలి, మలాశయం గోడను మాత్రం తాకకూడదు. మూత్రనాళం దెబ్బతినకుండా దాంట్లో గొట్టం పెట్టి వెచ్చటి సెలైన్ పారిస్తూనే ఉంటారు. నా దృష్టిలో అసలు వైద్యం ఆ కొద్ది మిల్లీమీటర్ల లెక్కే.

గ్రంథి మొత్తాన్ని కాక గడ్డ ఉన్న భాగాన్నే గడ్డకట్టిస్తే అవతలి పక్క నరాలు మిగులుతాయి. మూత్రం ఆగకపోవడం, అంగస్తంభన పోవడం లాంటి టెన్షన్లు తగ్గుతాయి, పూర్తిగా పోవు. కానీ ప్రొస్టేట్ క్యాన్సర్ తరచూ ఒకటికి మించిన చోట్ల పుడుతుంది, చిన్నవి ఎమ్మారైకి దొరక్కపోవచ్చు. అందుకే ముందు బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం), తర్వాత ఏళ్ల తరబడి పీఎస్ఏ అనే రక్తపరీక్షలు, స్కాన్లు తప్పవు. ఆపరేషన్, రేడియేషన్‌లతో పోల్చి చెప్పే దీర్ఘకాలిక ఆధారాలు ఇంకా తక్కువే. మెల్లగా పెరిగే రకమైతే ఏ చికిత్సా లేకుండా గమనిస్తూ ఉండటమే చాలామందికి మేలు.

"జేజినాయన రాత్రి మూత్రానికి నాలుగుసార్లు లేస్తాడు, క్యాన్సరేమో" అని భయపడేవాళ్లున్నారు. అది ఎక్కువగా వయసుతో వచ్చే మామూలు ప్రొస్టేట్ వాపే. తొలిదశ క్యాన్సర్ చాలాసార్లు ఏ లక్షణమూ చూపించదు. ఎముకలకు పాకి నడుం నొప్పితో బయటపడిందంటే ఈ సూదులతో పని జరగదు. యాభై దాటినవాళ్లు, తండ్రికో అన్నదమ్ములకో ఈ జబ్బు ఉంటే ఇంకాస్త ముందే, పీఎస్ఏ పరీక్ష అవసరమా అని డాక్టరును అడగొచ్చు.