కాగితం కోసం అడవులు నరికేస్తున్నారా? అపోహలు - వాస్తవాలు

ఛత్తా బజార్, చిక్కడపల్లి ప్రెస్సులకు కాగితం రీములు (500 కాగితాల కట్టలు) సప్లై చేయడం మా పని. ఈమధ్య పెళ్లికార్డు వేయించుకోడానికి వచ్చినవాళ్లు కూడా "అన్నా, చెట్లు కొట్టకుండా చేసిన కాగితం ఉందా" అని అడుగుతున్నారు. అడగడం మంచిదే, కానీ దాని వెనకున్న లెక్కలు చాలావరకు తప్పు. కాగితం అమ్ముకునేవాడు కాగితాన్నే వెనకేసుకొస్తాడు అనుకుంటారేమో, కర్ర కాగితంలో ఉన్న చెడు కూడా చెబుతా.

అపోహ: ప్రతి రీము వెనక అడవిలో ఒక చెట్టు కూలుతుంది.

75 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకు 75 గ్రాములు) ఏ4 రీము తూకం వేస్తే దాదాపు 2.3 కిలోలు. అందులో కొంత సుద్దపొడి, మిగతా గుజ్జుకి నాలుగైదు కిలోల ఎండు కర్ర చాలు. ఆ కర్ర కూడా మన దగ్గర ఎక్కువగా అడవిది కాదు. మిల్లులకు కావలసిన కర్ర రైతుల చేత పెంచించుకోవాలని, అడవి కర్రను చవగ్గా ఇవ్వొద్దని 1988 జాతీయ అటవీ విధానంలోనే రాశారు. అందుకే ఖమ్మం, కృష్ణా, ప్రకాశం వైపు వెళ్తే సుబాబుల్, జామాయిల్, సరుగుడు తోటలు కనిపిస్తాయి. పైగా దేశంలో తయారయ్యే కాగితంలో సుమారు ముప్పావు వంతు రద్దీ కాగితం, అంటే వాడి పారేసిన పాత కాగితం నుంచే వస్తుంది.

అలాగని తోటను అడవి అనుకోవద్దు. వరసగా ఒకే రకం జామాయిల్ నిలబెట్టిన చోట అడవిలో ఉండే పొదలు, పురుగులు, పిట్టలు ఎక్కడి నుంచి వస్తాయి? రైతుకు ఇంకో తలనొప్పి, నాలుగేళ్లు పెంచిన కర్రను కొనే మిల్లులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని, ధర పడిపోతే ఇంట్లో దాచుకునే సరుకు కూడా కాదు అది.

అపోహ: వరిగడ్డి, చెరకు పిప్పి వాడితే సమస్యే ఉండదు.

నాకు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఇదే, "తెలంగాణలో ఇంత గడ్డి తగలబెడుతున్నారు కదా, దాంతో చేయొచ్చుగా" అని. చేయొచ్చు, చేస్తున్నారు కూడా. కానీ అసలు సంగతి గుజ్జు తీశాక మిగిలే నల్లటి ద్రావకంలో ఉంది. కర్రను కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిపి ఉడికిస్తే అందులోని లిగ్నిన్ అనే జిగురు కరిగిపోయి పీచు మిగులుతుంది, కర్ర బరువులో సగానికి పైగా ఆ ద్రావకంలోకి పోతుంది. దాన్ని చిక్కబరిచి బాయిలర్లో కాలిస్తే ఆవిరి, కరెంటు వస్తాయి, రసాయనాలు మళ్లీ వాడుకోడానికి దొరుకుతాయి. పెద్ద కర్ర మిల్లు తన శక్తిలో చాలా భాగం ఇలాగే సంపాదించుకుంటుంది. వరిగడ్డిలో ఇసుకలో ఉండే సిలికా ఎక్కువ, అది గొట్టాల్లో పెచ్చులు కట్టి ఈ తంతు అంతా చెడగొడుతుంది. అందుకే ఒకప్పుడు చాలా చిన్న గడ్డి మిల్లులు ఆ ద్రావకాన్ని వాగుల్లోకి వదిలేసేవి. చెట్టు బతికింది, వాగు చచ్చింది.

చెరకు పిప్పి మేలే, తమిళనాడులో దాంతో పెద్ద మిల్లే నడుస్తోంది. కాకపోతే పిప్పి చక్కెర ఫ్యాక్టరీ సొంత ఇంధనం, మీరు పట్టుకెళ్తే దానికి బదులు బొగ్గో ఆవిరో మీరే ఇవ్వాలి.

అపోహ: గోధుమ రంగు కాగితం అంటే పర్యావరణానికి మంచిది.

గచ్చిబౌలి కంపెనీల నోట్‌బుక్కుల ఆర్డర్లన్నీ ఇప్పుడు ఈ రంగులోనే. గోధుమ రంగు అంటే బ్లీచ్ చేయలేదని అర్థం కావచ్చు, లేదా రద్దీ గుజ్జుకు రంగు కలిపారని కూడా కావచ్చు. చిన్న ముక్క చింపి అంచు చూడండి, పొడుగు పీచులు మీసాల్లా లేస్తే అది కొత్త కర్ర గుజ్జు, అంచు పొట్టిగా పొడిపొడిగా ఉంటే రద్దీ గుజ్జు కావచ్చు. గట్టి సంచులకు కావలసిన పొడుగు పీచు పైన్ లాంటి చెట్ల నుంచి వస్తుంది, అది ఎక్కువగా దిగుమతే.

తెల్ల కాగితానికి బ్లీచింగ్ పాపం లేదనడం లేదు. నేరుగా క్లోరిన్ వాడిన రోజుల్లో డయాక్సిన్లు అనే విషపదార్థాలు నీళ్లలో కలిసేవి, ఇప్పుడు మంచి మిల్లులు క్లోరిన్ డయాక్సైడ్‌కు మారాయి, దాంతో అది బాగా తగ్గింది. నీళ్ల వాడకం మాత్రం ఇప్పటికీ ఎక్కువే. ఇక మిల్లు ఊళ్లో కుళ్లిన గుడ్ల వాసన, అది ఉడికించేటప్పుడు పుట్టే గంధకం వాయువులది. యంత్రాలు మార్చినా పూర్తిగా పోదు.

అపోహ: రద్దీనే మళ్లీ మళ్లీ వాడితే కొత్త కర్ర అక్కర్లేదు.

ప్రతిసారీ నానబెట్టి చితగ్గొట్టినప్పుడు పీచు పొట్టిదవుతుంది, బలం తగ్గుతుంది, అయిదారు సార్ల తర్వాత బురదలో కొట్టుకుపోతుంది. కాబట్టి ఎక్కడో ఒకచోట కొత్త పీచు కలపాల్సిందే.

అపోహ: కర్ర కాగితం ఏదైనా పాతబడితే పసుపు రంగుకు తిరుగుతుంది.

అలా పసుపెక్కేది ముఖ్యంగా లిగ్నిన్ మిగిలిపోయిన కాగితం. న్యూస్‌ప్రింట్‌లో కర్రను ఉడికించకుండా రుబ్బిన గుజ్జు ఉంటుంది, దిగుబడి 90 శాతం దాటుతుంది, చవక, కానీ ఆ జిగురంతా లోపలే. పేపరు సగం మూసి ఎండలో పెడితే తేడా తొందరగానే కనిపిస్తుంది. పుస్తకాలు అచ్చువేసే తెల్ల కాగితం మ్యాప్‌లిథోలో అలా కాదు, ఆ జిగురును ఉడికించి తీసేస్తారు. డబ్బు కాగితం పత్తితో చేస్తారు, కాబట్టి దాన్ని వీటితో పోల్చకండి.

ఇక పెళ్లికార్డుల సంగతి. "చెట్లు కొట్టని" కాగితం అడిగి, దాని మీద వెల్వెట్ లామినేషన్, బంగారు ఫాయిల్ అంటున్నారు. ప్లాస్టిక్ పొర అంటిన ఆ కార్డును రద్దీవాడు విడిగా తీసి పడేస్తాడు. సాదా ఆర్ట్ బోర్డు (నున్నటి దళసరి కాగితం) మీద మామూలు ఇంకుతో వేయించండి, ఖర్చు కూడా తగ్గుతుంది.