కోడికి జబ్బా, పొదుగా?

మండపేట నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "మా నాటుపెట్ట గంపలోంచి లేవడం లేదు. మేత సరిగా తినదు, గుడ్లు మానేసింది. పొట్ట కింద చెయ్యి పెడితే కాలిపోతోంది. కొక్కెర తెగులేమోనని టెన్షన్‌గా ఉంది." (కొక్కెర తెగులంటే రాణికేట్ అని కూడా పిలిచే కోళ్ల అంటురోగం.)

ముందు ఆ వేడి సంగతి. కోడి ఒంటి వేడి ఆరోగ్యంగా ఉన్నప్పుడే 41 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. మనది 37. అందుకే ఏ కోడిని పట్టుకున్నా మన చేతికి జ్వరంలాగే తోస్తుంది. పైగా పొదుగుకొచ్చిన, అంటే గుడ్లు పొదగడానికి కూర్చున్న పెట్టకు పొట్ట కింద ఈకలు రాలి చర్మం బోడి అవుతుంది, అక్కడికి రక్తం ఎక్కువగా చేరుతుంది. గుడ్డుకు వేడి అందాలంటే ఈకలు అడ్డం ఉండకూడదు కదా.

అసలు విశేషమంతా ఆ బోడి చర్మంలోనే ఉంది. గుడ్లు తగిలితే అక్కడి నరాలు మెదడుకు కబురు పంపుతాయి. మెదడులోని హైపోథలమస్ అనే భాగం వీఐపీ అనే పెప్టైడ్‌ను, అంటే చిన్న ప్రొటీన్ ముక్కలాంటి రసాయనాన్ని వదులుతుంది. దాంతో మెదడు అడుగునుండే పిట్యూటరీ గ్రంథి ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తుంది. ప్రొలాక్టిన్ పెరిగేకొద్దీ పెట్ట గూడు వదలదు. వదలదు కాబట్టి చర్మానికి స్పర్శ ఆగదు, ప్రొలాక్టిన్ తగ్గదు.

జాతరలో మైకు స్పీకరుకు ఎదురుగా వస్తే కుయ్యిమని కూస్తుంది చూడండి, ఇదీ అంతే. స్పీకరు శబ్దం మైకులోకి, అక్కడి నుంచి మళ్లీ స్పీకరులోకి. పాడేవాడు నోరు మూసినా కూత ఆగదు. పెట్ట కింద గుడ్లు తీసేసినా అంతే, ఉత్త గడ్డి మీదైనా కూర్చుంటుంది. కూత ఆపాలంటే మైకును పక్కకు తిప్పాలి. ఇక్కడ మైకు పొట్ట చర్మం. అడుగున వైరు మెష్ ఉండి కిందనుంచి గాలి ఆడే పంజరంలో, గడ్డి వేయకుండా, మేతా నీళ్లూ పెట్టి మూడు నాలుగు రోజులు ఉంచితే ప్రొలాక్టిన్ దిగిపోతుంది. కొందరు పొదుగు విరవడానికి ముక్కులో ఈక గుచ్చుతారు. మైకును వదిలేసి పాటగాడి ముక్కు పొడిచినట్టుంటుంది అది! దయచేసి ఆ పని చేయకండి.

బడిలో ప్రొలాక్టిన్ అంటే తల్లిపాల హార్మోన్ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కానీ 1930లలో అమెరికా శాస్త్రవేత్త ఆస్కార్ రిడిల్ బృందం దాన్ని పరిశోధించింది పావురాల మీద. పెరట్లో కోడిని చూపించి ఈ పాఠం చెబితే ఎంత బాగుంటుందో.

ఇదే ప్రొలాక్టిన్, అండాశయాన్ని నడిపే ఎల్‌హెచ్ అనే మరో హార్మోన్‌ను అణిచేస్తుంది. అండాశయం ముడుచుకుని గుడ్లు ఆగుతాయి, తురాయి కూడా కాస్త పాలిపోతుంది. అంటే తురాయి రంగు ఒక్కటే చూసి జబ్బని తేల్చకూడదు.

చెయ్యి దగ్గరికి తీసుకెళ్లి చూడండి. పొదుగు పెట్ట ఈకలన్నీ ఉబ్బించి గుర్రుమంటుంది, పొడుస్తుంది. రోజుకు ఒకట్రెండు సార్లే లేచి, గబగబా నాలుగు నూకలు తిని, ముక్కు పగిలే కంపుతో పెద్ద రెట్ట వేసి, మళ్లీ గంపలోకి పరుగెడుతుంది. జబ్బు కోడికి ఆ కోపమూ ఉండదు, గంప మీద మమకారమూ ఉండదు. ఏదో మూల రెక్కలు వాల్చి, కళ్లు మూసి నిలబడుతుంది. పట్టుకుంటే ఊరుకుంటుంది. పచ్చటి నీళ్ల విరేచనాలు, నోరు తెరిచి ఊపిరి తీయడం, మెడ మెలిక పడటం కనబడితే కొక్కెర తెగులును అనుమానించాలి.

పొదుగు ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకోదు. నాలుగైదు కోళ్లు ఒకేసారి డీలా పడ్డా, వరసగా చచ్చిపోతున్నా వాటిని కోసుకు తినకండి, వట్టి చేతులతో ముట్టుకోకండి, పశువుల ఆసుపత్రికి చెప్పండి. 2025 ఫిబ్రవరిలో పెరవలి మండలం కానూరు అగ్రహారంలోనూ, తణుకు మండలం వేల్పూరులోనూ కోళ్లకు బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది.

పెట్టను పొదిగించాలనుకుంటే 21 రోజులు పడుతుంది. ఆ రోజుల్లో గంప గడ్డిని అప్పుడప్పుడు తిరగేసి చూడండి. రక్తం తాగే పురుగులు పడితే పొదుగు పెట్ట కూడా నిజంగానే జబ్బు పడుతుంది.