యానాం గవర్నరమ్మకి దక్కని ఢిల్లీ కుర్చీ

ఎదుర్లంక వంతెన దిగి యానాంలో కిరణ్ బేడీ పేరెత్తితే జనానికి గుర్తొచ్చేది గవర్నరమ్మే. 2016 మే నుంచి 2021 ఫిబ్రవరి దాకా ఆవిడ పుదుచ్చేరి లెఫ్టినెంట్ గవర్నర్, యానాం కూడా ఆవిడ కిందే ఉండేది. అప్పటి యానాం ఎమ్మెల్యే, మంత్రి మల్లాడి కృష్ణారావుకీ ఆవిడకీ పొసగేది కాదని ఇక్కడ అందరికీ తెలుసు. ఆ తగాదాలో న్యాయం ఎటుందో నేను తేల్చబోను. నాకు కావాల్సింది అంతకు ముందు, ఆవిడ పోలీసాఫీసరుగా ఉన్నప్పటి కథ.

అదెందుకు గుర్తొచ్చిందంటే, సంక్రాంతికి జగ్గన్నతోట ప్రభల తీర్థంలో మా వీధి అమ్మాయి కనబడింది, కానిస్టేబుల్, బందోబస్తు డ్యూటీలో ఉంది. ఏమ్మా ఉద్యోగం ఎలా ఉందని అడిగితే, "బానే ఉందండి, స్టేషన్లో అయితే రిసెప్షన్, బయటికొస్తే ఆడవాళ్ళ క్యూ, ఈ రెండే నాకు" అని నవ్వేసింది. పోలీసుల భాషలో దీనికో మాటుంది, లూప్‌లైన్. మెయిన్ లైన్ ఖాళీ చెయ్యడానికి ఒక బండిని తీసుకెళ్ళి పక్క పట్టా మీద నిలబెడతారు చూడండి, అదే. ఉద్యోగం ఉంటుంది, జీతం వస్తుంది, కదలిక మాత్రం ఉండదు. లా అండ్ ఆర్డర్ పోస్టింగ్ మెయిన్ లైన్, మిగతావి చాలావరకు లూప్‌లైనే.

బేడీ 1972లో ఐపీఎస్‌లో చేరారు, దేశంలో మొదటి మహిళ. అదే ఏడాది టెన్నిస్‌లో ఆసియా టైటిల్ కూడా గెలిచారు కాబట్టి ఒంట్లో సత్తువ లేదనే వంక ఎవరికీ దొరకలేదు. 1975 రిపబ్లిక్ డే పరేడ్‌లో మగవాళ్ళతో నిండిన ఢిల్లీ పోలీసు దళాన్ని ముందుండి నడిపించారు. 1978లో అకాలీ సిక్కులకీ, నిరంకారీ శాఖవాళ్ళకీ జరిగిన గొడవలో కత్తులు దూసిన గుంపుకి లాఠీతో ఎదురెళ్ళినందుకు రాష్ట్రపతి శౌర్య పతకం వచ్చింది.

ఊరంతా చెప్పుకునేది మాత్రం క్రేన్ కథ. 1982లో ఆసియా క్రీడలు వస్తుంటే ఢిల్లీ ట్రాఫిక్ ఆవిడ చేతికిచ్చారు. అడ్డంగా పెట్టిన కారు ఎవరిదైనా సరే క్రేన్‌తో లాక్కెళ్ళిపోయేవాళ్ళు, దాంతో "క్రేన్ బేడీ" అని పేరు పడింది. ఇందిరాగాంధీ కారుని స్వయంగా ఆవిడే లాగించేశారని మనవాళ్ళు ఇప్పటికీ చెబుతారు గానీ, అది సరిగ్గా అలా జరగలేదు. ఇందిర విదేశాల్లో ఉండగా ప్రధాని ఇంటి కారు ఒకటి కన్నాట్ ప్లేస్‌లో అడ్డంగా ఉంటే, దాని మీద చర్య తీసుకున్నది నిర్మల్ సింగ్ అనే సబ్-ఇన్‌స్పెక్టర్. బేడీ చేసిందల్లా పైనుంచి ఒత్తిడొచ్చినా ఆ ఎస్ఐ వెనక నిలబడటం. నన్నడిగితే కారు లాగడం కన్నా ఇదే కష్టం. క్రీడలు బాగా జరిగాయి, మెచ్చుకున్నారు, 1983లో గోవాకి పంపించేశారు.

అక్కణ్ణుంచి ఆవిడ ఉద్యోగం ఒక ఎక్కుడు, ఒక దిగుడు. ఉత్తర ఢిల్లీ డీసీపీగా ఉన్న 1988 జనవరిలో, దొంగతనం కేసులో పట్టుకున్న ఒక లాయరుకి సంకెళ్ళు వేసి తీస్ హజారీ కోర్టుకి తెచ్చారు. లాయర్లు సమ్మెకి దిగారు, ఆవిడ ఆఫీసు దగ్గర లాఠీచార్జి జరిగింది, విచారణ కమిటీ దాన్ని తప్పుపట్టింది. ఈ మచ్చని దాచేసి ఆవిడ కథ చెప్పడం నిజాయితీ కాదు. తర్వాత మిజోరం. 1993లో తీహార్ జైలు ఐజీ. పోలీసుల లెక్కలో జైలు అంటే పక్కా లూప్‌లైన్, పట్టేదానికి మూడు రెట్లకు పైగా ఖైదీలతో కిక్కిరిసిన చోటు. అక్కడే చదువులు పెట్టించి, విపశ్యన ధ్యాన శిబిరాలు పెట్టించి, 1994లో మెగసెసె అవార్డు తెచ్చుకున్నారు. మూలన పడేసిన బండి అక్కడే పరుగెత్తిందన్నమాట.

2007లో ఢిల్లీ పోలీస్ కమిషనర్ కుర్చీ ఖాళీ అయింది. సీనియారిటీ ఆవిడది. కుర్చీ మాత్రం రెండేళ్ళ జూనియర్ వై.ఎస్. దడ్వాల్‌కి ఇచ్చారు. వివక్ష అన్నారు బేడీ. ఆవిడ దూకుడే అడ్డొచ్చిందన్నారు ఇంకొందరు. కావచ్చు, కానీ అంత దూకుడున్న మగ ఆఫీసర్లకి అదే గుణం "డైనమిక్" అనిపించుకోవడం మనం చూళ్ళేదా? ఆ ఏడాది చివర్లో స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నారు. పెద్ద సిటీని ఆడది నడపలేదనే మాట అప్పటికే తేలిపోయింది, ఎందుకంటే 2006లోనే చెన్నై కమిషనర్‌గా లెతికా శరణ్ కూర్చున్నారు.

ఇక్కడే ఇంకో దారి చూడాలి. ఉన్న కుర్చీ ఇవ్వడానికి మనసొప్పనప్పుడు వేరే గది కట్టించడం మనకి అలవాటు. 1973లో కోళిక్కోడ్‌లో దేశంలోనే మొదటి మహిళా పోలీస్ స్టేషన్, 1992 నుంచి తమిళనాడులో వరసగా, 2020 ఫిబ్రవరిలో మన రాజమండ్రిలో ఆడవాళ్ళ కేసుల కోసం మొదటి దిశ స్టేషన్. వీటివల్ల మేలు జరగలేదనను. మొగుడి మీద ఫిర్యాదు రాయించడానికి వచ్చిన మనిషికి ఎదురుగా ఇంకో ఆడమనిషి కూర్చుంటే ఆ ధైర్యమే వేరు. కాకపోతే ఆడవాళ్ళ కేసులకి ఆడపోలీసులు, మిగతా ఊరికి మగవాళ్ళు అని పంపకం ఖాయమైపోతుంది. 2020 నాటికి దేశం మొత్తం పోలీసుల్లో ఆడవాళ్ళు సుమారు 10 శాతమే, కేంద్రం రాష్ట్రాలకి పదే పదే చెబుతున్నది 33.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కేడర్‌కి తొలి మహిళా ఐపీఎస్ 1979 బ్యాచ్ అరుణా బహుగుణ. 2014లో హైదరాబాద్‌లోని నేషనల్ పోలీస్ అకాడమీకి మొదటి మహిళా డైరెక్టర్ అయ్యారు. అదే ఊళ్ళో ఒక మామూలు లా అండ్ ఆర్డర్ స్టేషన్‌కి, లాలాగూడకి, మొదటి మహిళా ఎస్‌హెచ్ఓ, అంటే స్టేషన్‌కి పెద్ద, వచ్చింది 2022లో. అంటే ఐపీఎస్‌లకి పాఠాలు చెప్పించే కుర్చీ ముందొచ్చింది, స్టేషన్ కుర్చీ తర్వాత.

తీర్థంలో కనబడిన అమ్మాయి ఎస్ఐ పరీక్షకి చదువుతోందట. పాసైతే ఎక్కడ కావాలమ్మా అంటే ఆలోచించకుండా చెప్పింది, "లా అండ్ ఆర్డరేనండి. మహిళా స్టేషన్‌కి వేస్తారేమో, అదే టెన్షన్."