100 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో 11.8 మాత్రమే ఎందుకు?

‘ఇంటికి 100 ఎంబీపీఎస్ కనెక్షన్ పెట్టించుకున్నాం, ఫైలు దిగేటప్పుడు మాత్రం 12 కూడా రావడం లేదు, మిగతా వేగం ఏమైపోతోంది?’ అని చాలామంది అడుగుతుంటారు. ఏమీ కాలేదు. ప్లానులో చెప్పేది సెకనుకు ఎన్ని మెగాబిట్లో. బ్రౌజరు చూపించేది సెకనుకు ఎన్ని మెగాబైట్లో. బైటుకు 8 బిట్లు కనుక 100ను 8తో భాగిస్తే 12.5 వస్తుంది. ఇంగ్లిషులో బిట్‌కు చిన్న బి, బైటుకు పెద్ద బి రాస్తారు. మన లిపిలో రెండూ ‘ఎంబీ’ అయిపోతాయి.

బడిలో ఈ ఎనిమిదిని బట్టీ పట్టించి వదిలేస్తారు. అసలు రుచి ఆ తర్వాతి లెక్కలో ఉంది. 12.5 కూడా పూర్తిగా ఎందుకు రాదు?

తీగకు బైట్ల సంగతి తెలియదు. దాని మీద నడిచేవి బిట్లే. వాటిలో మన సమాచారం ఎంత, దారిఖర్చు ఎంత అన్నది పంపే పద్ధతిని బట్టి ఉంటుంది. 1960ల నాటి బెల్ 103 మోడెమ్ (ఫోన్ లైను మీద కంప్యూటర్ సమాచారం పంపే పరికరం) వేగం సెకనుకు 300 బిట్లు. ప్రతి అక్షరానికీ ముందొక బిట్, వెనుకొక బిట్ తోడు వెళ్లేవి. అక్షరపు 8 బిట్లతో కలిపి 10 బిట్లు, అంటే సెకనుకు 30 అక్షరాలు. ఎనిమిదితో భాగించి ఉంటే ఆనాడే లెక్క తప్పేది! అందుకే లైను వేసేవారు బిట్లలోనే మాట ఇస్తారు.

ఇప్పుడు ‘తెలుగు’ అన్న మాటను ఈథర్‌నెట్ (కంప్యూటర్లను తీగతో కలిపే పద్ధతి) మీద పంపుదాం. అన్ని లిపుల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో మూడు అక్షరాలు, మూడు గుణింతపు గుర్తులు కలిపి ఆరు సంకేతాలు. ఆ సంకేతాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటి 3 బైట్లు, మొత్తం 18. దీన్ని ప్యాకెట్ అనే ఒక పొట్లంగా కట్టి పంపుతారు. దానికి ఇంటర్నెట్ నియమాలైన టీసీపీ, ఐపీల హెడర్లు (ముందు చేర్చే చిరునామా వంటి వివరాలు) 40 బైట్లు, ఈథర్‌నెట్ హెడర్ 14, తప్పులు పట్టే సంకేతం 4, ముందుగా మేలుకొలిపే సంకేతం 8, ప్యాకెట్ల మధ్య విడవాల్సిన ఖాళీ 12 కలుస్తాయి. 18 బైట్ల మాట తీగ మీద 96 బైట్ల చోటు తీసుకుంది! ఎన్‌క్రిప్షన్ (ఇతరులు చదవలేకుండా మార్చి పంపడం) ఉంటే ఇంకా పెరుగుతుంది.

పెద్ద ఫైలులో ఈ భారం తేలిపోతుంది. నిండు ప్యాకెట్‌లో 1,460 బైట్ల సరుకుకు తీగ మీద పట్టేది 1,538. అంటే దాదాపు 95 శాతం మనదే. 12.5లో అది సుమారు 11.87. మెగాబైటును 1024×1024గా లెక్కించే విండోస్‌లో అదే వేగం 11.3గా కనిపిస్తుంది.

సెట్టింగుల్లో ఈ తికమక నిజంగా దెబ్బతీస్తుంది. అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ ఉన్న ఇంట్లో బ్యాకప్‌ను 16 ఎంబీపీఎస్ దగ్గర ఆపాలనుకున్నారనుకోండి. వేగ పరిమితి రాసే గడి కిలోబైట్లలో ఉంటే 2,000 వేయాలి. కిలోబిట్లనుకుని 16,000 వేస్తే అది 128 ఎంబీపీఎస్ పరిమితి, అంటే పరిమితి లేనట్టే. బ్యాకప్ లైనునంతా ఆక్రమిస్తుంది, రూటర్‌లో ప్యాకెట్లు బారులు తీరుతాయి, పక్క గదిలో వీడియో కాల్‌లో గొంతు ముక్కలవుతుంది. గడి కిలోబిట్లలో ఉండి 2,000 వేస్తే బ్యాకప్‌కు దక్కేది 2 ఎంబీపీఎస్, లైనులో పదో వంతు.